మామయ్య పాత కెమేరా

పిల్లలూ,

ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి ఈ నెల నాకు ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక ఉత్తరం రాసింది. అందులో సంగతి ఇది:

"మాస్టారుగారికి నమస్కారాలు. మా మామయ్య బీరువాలో ఒక పాత కెమేరా దొరికింది. దాని మీద కెనాన్ పవర్‌షాట్ ఎ620 అనీ, 7.1 మెగాపిక్సెల్స్ అనీ రాసి ఉంది. అన్నయ్యేమో, 'మన ఫోనులో 50 మెగాపిక్సెళ్ళుంటే ఈ ఏడు దేనికి? పాత సామాన్లవాడికి వేసెయ్యి' అంటున్నాడు. అందులో అమ్మమ్మ ఫొటోలు ఉంటాయని అమ్మ అంటున్నది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఏం చెయ్యమంటారు?"

పారెయ్యవద్దు. జవాబు ఇంతే. కాని ఎందుకు పారెయ్యకూడదో తెలుసుకోకుండా నా మాటకు తల ఊపితే అది చదువు కాదు. అన్నయ్య ఏడుకూ యాభైకీ లెక్క చెప్పాడు గదా, మనమూ లెక్కతోనే జవాబు చెబుదాం. అయితే దానికంటే ముందు, ఆలస్యం చెయ్యకూడని పని ఒకటున్నది.

మొదట కార్డు సంగతి

కెమేరాకు ఉన్న మూత తీస్తే తపాలాబిళ్ళంత చిన్న పలక ఒకటి కనిపిస్తుంది. దానిని ఎస్.డి. కార్డు అంటారు. ఫొటోలన్నీ ఉండేది అందులోనే. విద్యుత్తు అణువణువునా బంధించి పెట్టటం వల్ల, సెల్లులు తీసేసినా అందులోని బొమ్మలు చెరిగిపోవు. కాని బంధించిన విద్యుత్తు ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే కొద్ది కొద్దిగా జారిపోవచ్చు. కుండకు చిల్లి లేకపోయినా చెమర్చి నీరు తగ్గినట్టన్నమాట. అందుకని ఇన్నాళ్ళు బీరువాలో ఉన్న కార్డును ఇక ఊరికే ఉంచకూడదు.

కార్డు ఒక అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని 'లాక్' అని రాసి ఉన్న వైపుకు జరపండి. అప్పుడు పొరపాటున కూడా ఏదీ చెరగదు. ఆ పైన పెద్దవాళ్ళ సహాయంతో కార్డును కంప్యూటరుకు తగిలించి, ఫొటోలన్నిటినీ రెండు వేరు వేరు చోట్ల దాచండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. తెర మీద 'ఫార్మాట్ చెయ్యనా?' అని అడిగితే మటుకు వద్దనే చెప్పండి. ఆ మాటకు అర్థం, ఉన్నదంతా తుడిచేసి కొత్త పలక చెయ్యనా అని.

ఇంత పని అయిన తరువాత కెమేరా పనిచేసినా, చెయ్యకపోయినా, అమ్మమ్మ మటుకు మీ ఇంట్లోనే ఉంటుంది. ఇక నిదానంగా కెమేరా సంగతి మాట్లాడుకుందాం.

బిందెలు చేతులు మారినట్టు

ఫిల్ము కెమేరాలో వెలుతురు రసాయనపు పూత మీద పడి బొమ్మ అచ్చయ్యేది. డిజిటల్ కెమేరాలో ఆ చోట సిలికాన్ అనే పదార్థంతో చేసిన చిన్న ముక్క ఉంటుంది. ఎ620లో అది సి.సి.డి. అనే రకం. దాని వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు, ఎత్తు 5 మిల్లీమీటర్ల పైచిల్లర. అంటే మీ చిటికెన వేలి గోరంత. అంతలోనే అడ్డంగా 3,072, నిలువుగా 2,304 గళ్ళు ఉన్నాయి. హెచ్చవేసి చూడండి: 70,77,888 వస్తుంది. పది లక్షలను మెగా అంటారు గనక సుమారు ఏడు మెగాపిక్సెళ్ళు.

వెలుతురు ఒక గడిలో పడగానే సిలికాన్‌లో నుంచి ఎలక్ట్రాన్లు విడిపడతాయి. ఎక్కువ వెలుతురు పడితే ఎక్కువ, తక్కువ పడితే తక్కువ. వాన కురిసేటప్పుడు పెరట్లో వరసగా ముంతలు పెట్టామనుకోండి. చెట్టు కింద ఉన్న ముంతలో కొంచెమే నీరు, ఆరుబయట ఉన్న ముంతలో నిండా నీరు చేరుతుంది గదా! అల్లాగే ఇదీ.

మరి ఏ గడిలో ఎంత ఉన్నదో కొలిచేది ఎట్లా? గడ్డివామి అంటుకున్నప్పుడు ఊరివాళ్ళు నూతి దాకా వరసగా నిలబడి, నీళ్ళ బిందెలు చేతులు మార్చుకుంటూ అందించటం మీరు విని ఉంటారు. సి.సి.డి.లో ప్రతి గడీ తన ఎలక్ట్రాన్లను పక్క గడికి అందిస్తుంది. అది తన పక్కదానికి అందిస్తుంది. ఇట్లా చివరకు చేరినదాన్ని ఒక కొలతసాధనం కొలిచి అంకెగా మారుస్తుంది. ఆ అంకెల వరసే మనం చూసే ఫొటో.

ఈ ఉపాయాన్ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో విలర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. నలభై ఏళ్ళ తరువాత, 2009లో, అందుకుగాను వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. సిలికాన్‌కు వెలుతురు ఎంతో తెలుస్తుంది గాని రంగు తెలియదు! అందుకని ప్రతి గడి మీదా ఒక రంగు పొర వేస్తారు. నాలుగు గళ్ళను ఒక జట్టు అనుకుంటే, రెండింటి మీద ఆకుపచ్చ, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. మన కన్ను ఆకుపచ్చ దగ్గర చాలా సూక్ష్మంగా చూడగలదు గనక దానికి రెండు వాటాలు. ఈ అమరిక కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్‌ది. ఆయనకు 1976లో దీనికి పేటెంటు వచ్చింది. పక్క గళ్ళను చూసి లేని రంగులను లెక్కకట్టే పని కెమేరాలోని చిన్న కంప్యూటరు చేస్తుంది.

ఆ కోడక్ సంస్థలోనే 1975లో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు మొట్టమొదటి డిజిటల్ కెమేరా తయారుచేశాడు. దాని బరువు సుమారు మూడున్నర కిలోలు. అందులో గళ్ళు 10,000 మాత్రమే. ఒక్క నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించటానికి 23 సెకన్లు పట్టేది. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, అంటే 2005లో, వచ్చినదే మన ఎ620. గళ్ళు ఏడు వందల రెట్లు పెరిగినవి. బరువు, సెల్లులు లేకుండా, పావుకిలోకు లోపే!

ఏడు గొప్పా, యాభై గొప్పా?

ఇప్పుడు అన్నయ్య లెక్కకు వద్దాం. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలునని అంటారు. 3,072ను 300తో భాగించండి; పది అంగుళాల పైచిల్లర. 2,304ను భాగించండి, ఏడున్నర అంగుళాల పైచిల్లర. అంటే పెద్ద నోటుపుస్తకం పుటంత ఫొటోను కూడా ఈ కెమేరా శుభ్రంగా ఇస్తుంది. గోడకు పటం కట్టించుకోవటానికి ఇంతకంటే ఏం కావాలి?

50 మెగాపిక్సెళ్ళు అంటే ఏడింటికి ఏడు రెట్లు. కాని ఆ గళ్ళు అడ్డంగానూ నిలువుగానూ కూడా పంచుకోవాలి గనక, అడ్డంగా పెరిగేది రెండున్నర రెట్ల పైచిల్లర మాత్రమే. అంతేకాదు. అటువంటి ఫోన్లలో చాలావాటికి గళ్ళు మరీ చిన్నవి కావటంచేత, మామూలుగా నాలుగింటిని కలిపి ఒకటిగా ఎంచి, సుమారు 12 మెగాపిక్సెళ్ళ బొమ్మే ఇస్తాయి.

న్యాయంగా మాట్లాడాలంటే ఫోనుకూ గొప్పలున్నాయి. మసక వెలుతురులో ఫోను అయిదారు బొమ్మలు గబగబా తీసి, కలిపి, ఒక మంచి బొమ్మ చెయ్యగలదు. ఎ620 ఆ పని చెయ్యలేదు. సాయంత్రం దీపాల వేళకు దాని బొమ్మల్లో ఇసుక చల్లినట్టు మచ్చలు వస్తాయి. చెయ్యి వణికితే సరిదిద్దే ఏర్పాటు దానికి లేదు. వెనక ఉన్న తెర రెండంగుళాలే. సినిమా తీస్తుంది గాని ఈనాటి ఫోనులంత నిగ్గుగా తియ్యదు. 'పాత సి.సి.డి. రంగులకు ఏదో మహిమ ఉన్నది' అని ఈ మధ్య కొందరు అంటున్నారు. మహిమ ఏమీ లేదు. వెలుతురును అంకెలుగా మార్చిన తరువాత రంగులు వండేది లోపలి కంప్యూటరు. ఆ కాలపు వంట రుచి కొందరికి ఇష్టం, అంతే.

అయితే ఈ కెమేరాలో నేను నిజంగా మెచ్చుకునేవి నాలుగున్నాయి.

మొదటిది, సెల్లులు. దీనిలో వేసేవి నాలుగు మామూలు సెల్లులు. గోడగడియారంలో వేసే రకమే. చాలా కెమేరాలకు ప్రత్యేకమైన ఆకారం గల బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీ చెయ్యటం మానేసిన రోజున కెమేరా మంచిదైనా మూలన పడవలసిందే. దీనికి ఆ దిగులు లేదు. ఏ పల్లెటూరి కొట్టులోనైనా దీనికి ఆహారం దొరుకుతుంది. మళ్ళీ మళ్ళీ చార్జి చేసుకునే సెల్లులైతే ఖర్చూ తక్కువ, చెత్తా తక్కువ.

రెండోది, తెర. తలుపు రెక్కలాగా పక్కకు తెరుచుకుని, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. కెమేరాను నేల మీద పెట్టి, మీరు బోర్లా పడుకోకుండానే చీమల బారు ఫొటో తియ్యవచ్చు.

మూడోది, దగ్గరి చూపు. దీని కన్ను ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువును కూడా స్పష్టంగా చూస్తుంది. తొలకరి వాన పడగానే చేలగట్ల మీద మఖమల్ గుడ్డ ముక్కల్లాగా ఎర్రగా పాకే ఆరుద్ర పురుగులను చూశారు గదా? ఈసారి ఒకదానిని దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి, కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి! కీటకాలకు ఆరే కాళ్ళు. కాబట్టి మనం పురుగు పురుగు అని పిలిచే ఆ జీవి కీటకం కాదు; సాలెపురుగు, తేలు వీటి చుట్టం. పుస్తకంలో చదివితే ఇది రేపటికి మరిచిపోతారు. మీరే లెక్కపెడితే మరిచిపోరు. దాన్ని పట్టుకుని అగ్గిపెట్టెలో బంధించే అవసరమూ లేదు. ఫొటో తీసుకుని దాని దారిన దాన్ని పోనివ్వవచ్చు.

నాలుగోది, కటకాల కదలిక. జూమ్ చేస్తే దీని లోపలి కటకాలు నిజంగానే కదిలి నాలుగు రెట్లు దగ్గరకు తెస్తాయి. అప్పుడు కూడా 70 లక్షల గళ్ళూ పనిచేస్తూనే ఉంటాయి. కటకాలు కదలకుండా ఉన్న బొమ్మనే కత్తిరించి నాలుగు రెట్లు పెంచితే ఏమవుతుంది? అడ్డంగా నాలుగో వంతు, నిలువుగా నాలుగో వంతు, మొత్తం మీద పదహారో వంతు గళ్ళే మిగులుతాయి. 70,77,888ని 16తో భాగిస్తే 4,42,368. బొమ్మ అలుక్కుపోక ఏం చేస్తుంది! ఏ కెమేరా కొన్నా, ఏ ఫోను కొన్నా, జూమ్ అనగానే 'కటకానిదా, కత్తెరదా?' అని అడగటం నేర్చుకోండి.

చేసి చూడండి: గాలిమర

కాగితంతో నాలుగు రెక్కల గాలిమర చెయ్యండి. కెమేరా పైన ఉన్న చక్రాన్ని 'టి.వి.' అనే గుర్తుకు తిప్పండి. ఇది ఇంట్లో చూసే టీవీ కాదు! కెమేరా కన్ను ఎంతసేపు తెరుచుకుని ఉండాలో మనమే నిర్ణయించే గుర్తు. ఈ కెమేరాలో 15 సెకన్ల నుంచి సెకనులో 2,500వ వంతు దాకా నిర్ణయించవచ్చు.

గాలిమర సెకనుకు అయిదు చుట్లు తిరుగుతున్నదనుకోండి. సెకనులో ఇరవయ్యో వంతు కన్ను తెరిస్తే, ఆ కాస్త సేపట్లో అది పావు చుట్టు తిరుగుతుంది. అంటే ప్రతి రెక్కా పక్క రెక్క ఉన్న చోటికి వచ్చేస్తుంది. ఫొటోలో రెక్కలు కనపడవు, ఒక పళ్ళెం కనిపిస్తుంది. సెకనులో వెయ్యో వంతు తెరిస్తే, అది కదిలేది రెండు డిగ్రీల లోపే. తిరిగే గాలిమర కట్టిపడేసినట్టు నిలిచి కనిపిస్తుంది.

మొదటి ఫొటో నీడలో తియ్యండి, రెండోది మంచి ఎండలో తియ్యండి. ఎందుకో తెలిసిందా? ఎక్కువసేపు తెరిస్తే ముంతలు పొంగిపోయి బొమ్మ తెల్లగా పాలిపోతుంది. తక్కువసేపు తెరిస్తే ముంత అడుగు కూడా తడవదు. వెలుతురునూ కాలాన్నీ సరితూచటమే ఫొటో విద్య అంతా. ఫోను ఆ తూకం తానే వేసి మీ చేతికి ఇస్తుంది. ఈ కెమేరా కావాలంటే తాను వేస్తుంది, అడిగితే తక్కెడ మీ చేతికే ఇస్తుంది. చదువుకునే పిల్లలకు నేను దీన్ని మంచిదనేది అందుకే.

ఇంకొక చిన్న పరీక్ష. కెమేరాకు తెర గాక, కంటికి ఆనించి చూసే చిన్న కిటికీ కూడా ఉన్నది. దూరంగా ఉన్న గుడిగోపురాన్ని కిటికీలో చూసి తీస్తే సరిగానే వస్తుంది. పువ్వును దగ్గరగా అల్లాగే తీస్తే పక్కకు జరిగిపోతుంది. ఎందుకని? మీ బొటనవేలిని ముఖం ముందు పెట్టుకుని, ఒకసారి ఎడమకన్ను, ఒకసారి కుడికన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ గెంతుతుంది. చెయ్యి బారజాపి మళ్ళీ చూస్తే గెంతు తగ్గుతుంది. కిటికీ ఒక కన్ను, కటకం రెండో కన్ను. దగ్గరి వస్తువులను తీసేటప్పుడు తెరనే చూడాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

కిటికీలో నుంచి సూర్యుణ్ణి ఎన్నడూ చూడవద్దు, కన్ను పోతుంది. కెమేరా పనిచెయ్యకపోయినా మరలు ఊడదీయవద్దు. ఫ్లాష్ వెలిగించటానికి లోపల దాచుకునే విద్యుత్తు మూడు వందల వోల్టుల దాకా ఉంటుంది. సెల్లులు తీసినా కొంతకాలం పోదు. పాత సెల్లులు కారి తెల్లని పొడి పేరుకుని ఉంటే ముట్టుకోకండి. అది చర్మాన్ని కాలుస్తుంది. పెద్దవాళ్ళు చేతితొడుగులు వేసుకుని తుడవాలి. కెమేరా వాడనప్పుడు సెల్లులు తీసి ఉంచండి. కొత్త కార్డు కావాలంటే 2 గిగాబైట్లకు మించనిది, పాతరకందే తీసుకోండి. 2006లో వచ్చిన పెద్దరకం కార్డులను ఈ కెమేరా చదవలేదు.

ఇక పాత సామాన్లవాడి సంగతి. జపాను కెమేరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో ప్రపంచం మీదికి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు వెళ్ళినవి. 2023లో 80 లక్షలు కూడా వెళ్ళలేదు. ఫోను వచ్చి వాటి చోటు తీసుకున్నది. మరి ఆ కోట్ల కెమేరాలన్నీ ఏమైనవి? కొన్ని చెత్తలో కలిసినవి. కొన్ని మీ మామయ్యదాని లాగా బీరువాల్లో కూర్చున్నవి. పనిచేసే వస్తువును పాతదన్న ఒక్క నేరానికి పారెయ్యటం తెలివి కాదు. నిజంగానే చెడిపోతే, ఎలక్ట్రానిక్ చెత్త సేకరించేవారికే ఇవ్వాలి గాని కుప్పలో వెయ్యకూడదు.

కాబట్టి అమ్మాయీ, మామయ్యను అడిగి కెమేరాలో నాలుగు కొత్త సెల్లులు వేసి చూడు. వెలిగితే మొదటి ఫొటో మీ అన్నయ్యదే తియ్యి. అతన్ని గాలిమర పట్టుకుని నిలబడమను. వెలగకపోయినా విచారం వద్దు; ఫొటోలు భద్రంగా ఉన్నవి గదా. వాటిలో మంచిది ఒకటి అచ్చు వేయించి, వెనక అమ్మమ్మ పేరూ, తీసిన సంవత్సరమూ, ఆ రోజు ఏం జరిగిందో అమ్మను అడిగి నాలుగు ముక్కలూ రాసిపెట్టు. ఆ నాలుగు ముక్కలు ఏ కెమేరా రాయలేదు. ఎన్ని మెగాపిక్సెళ్ళున్నా సరే.

ఈ నెల ప్రశ్నలు

1. ఒక్కొక్క ఫొటో 3 మెగాబైట్లు అయితే, 2,000 మెగాబైట్ల కార్డులో ఎన్ని పూర్తి ఫొటోలు పడతాయి?

2. సాసన్ కెమేరా 10,000 గళ్ళకు 23 సెకన్లు తీసుకున్నది. అదే వేగంతో ఎ620 బొమ్మను టేపు మీదికి ఎక్కించాలంటే సుమారు ఎన్ని గంటలు పడుతుంది?

3. ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపయితే నాలుగో వంతు అవుతుంది. బడి వార్షికోత్సవంలో నాటకం ఆడే పిల్లవాడు 2 మీటర్ల దూరంలో ఉంటే ఒకలాగా, 8 మీటర్ల దూరంలో ఉంటే ఒకలాగా వెలుతురు పడుతుంది. రెండోది మొదటిదానిలో ఎన్నో వంతు? చివరి వరసలో కూర్చుని ఫ్లాష్ వెలిగించి లాభమున్నదా?

జవాబులు ఒక కార్డు మీద రాసి పంపండి. లెక్క ఎట్లా చేశారో కూడా రాయాలి సుమా! సరి అయిన జవాబులు వచ్చే నెల ఇస్తాను.

మీ
మాస్టారు